పచ్చి గింజ నుంచి డికాషన్ దాకా: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఫిల్టరుకు పొడి ఎంత గరుకుగా ఉండాలో రాస్తూ, మధ్యలో ఒక మాట అన్నాను: ఓపిక ఉన్నవాళ్లు గింజలు ఇంట్లోనే వేయించుకోండి, తేడా మీకే తెలుస్తుంది అని. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క మాట గురించే. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా కాఫీ పొడి కొట్టులో ఏళ్ల తరబడి డ్రమ్ము పక్కన నిలబడి గింజ వేయించినదాన్ని. ఇప్పుడు కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను ఇంట్లో మా ఇద్దరికి సరిపడా బాణలిలోనే వేయించుకుంటున్నాను. అందుకే ఈ నెల మొత్తం గింజల గురించే.

*

పెద్దమ్మగారూ, వేయించే మెషిన్లు చూస్తే వేలల్లో ఉన్నాయి. మామూలు బాణలిలో అవుతుందా? ఎంత మంట, ఎంతసేపు? వివరంగా చెప్పండి.
– ఒక గృహిణి, కావలి

శుభ్రంగా అవుతుంది తల్లీ. మందపాటి ఇనుప బాణలి ఉంటే చాలు. నాన్‌స్టిక్ మాత్రం వద్దు. కాఫీ గింజ 200 డిగ్రీలు దాటి వేగాలి. బాణలి అడుగు అంతకంటే వేడెక్కుతుంది. ఆ వేడికి నాన్‌స్టిక్ పూత పాడై చెడ్డ పొగ వదులుతుంది. పల్చటి అల్యూమినియం గిన్నెలో ఒకచోట మాడుతుంది, ఇంకోచోట పచ్చిగా మిగులుతుంది. కలపడానికి పొడుగు కాడ ఉన్న చెక్క గరిటె కావాలి. మన ఉదయగిరి చెక్క గరిటె దొరికితే అంతకంటే మంచిది లేదు. ఎంతసేపు తిప్పినా చెయ్యి కాలదు.

మొదట్లో 150 గ్రాములు మించి వేయకండి. గింజ బాణలి అడుగున ఒక వరస, మహా అయితే రెండు వరసలుగా పరుచుకోవాలి. ముందు చేటలో పోసి నల్ల గింజలు, విరిగిన ముక్కలు, రాళ్లు ఏరేయండి. ముక్కలు గింజకన్నా ముందే మాడిపోయి మొత్తానికి చేదు పట్టిస్తాయి.

బాణలిని మధ్యస్థం మంట మీద రెండు మూడు నిమిషాలు కాగనిచ్చి గింజలు పోయండి. పోసిన దగ్గర నుంచి చెయ్యి ఆగకూడదు. ఫోన్ మోగినా సరే, గుమ్మంలో ఎవరు పిలిచినా సరే. మొదటి నాలుగైదు నిమిషాలు ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. గింజలో ఉన్న తేమ, అంటే దాని బరువులో పది పన్నెండు శాతం, ఆవిరైపోతూ ఉంటుంది. ఆకుపచ్చ పోయి పసుపు తిరుగుతుంది. ఎండుగడ్డి వాసన వస్తుంది. ఈ వాసన నచ్చక చాలామంది మంట పెంచేస్తారు. పెంచకండి, అది రావాల్సిన వాసనే. తర్వాత లేత గోధుమ రంగు వచ్చి, వాసనలో తీపి మొదలవుతుంది. గింజ మీది పల్చటి పొట్టు ఊడి ఎగురుతుంది.

ఎనిమిది, పది నిమిషాల మధ్య టప్ టప్ మని పేలాలు పేలినట్టు చప్పుడు వస్తుంది. గింజ లోపల చిక్కుకున్న ఆవిరి గింజను చీల్చుకుని బయటికొచ్చే చప్పుడది. ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఫస్ట్ క్రాక్ అంటారు. మొదటి చప్పుడు అనుకోండి, చాలు. గింజ ఇక్కడే ఉబ్బుతుంది. చప్పుడు మొదలవగానే మంట కొద్దిగా తగ్గించండి. ఇక్కడి నుంచి అరనిమిషం తేడాతో రుచి మారిపోతుంది కాబట్టి కళ్లు, చెవులు రెండూ బాణలి మీదే ఉండాలి.

ఒకటి రెండు నిమిషాల్లో ఆ చప్పుడు సద్దుమణుగుతుంది. తర్వాత కాసేపు ఏ శబ్దమూ ఉండదు. పాలు పోసుకునే ఫిల్టరు కాఫీకి దించాల్సింది ఈ శబ్దం లేని సమయం చివర్లోనే. అప్పటికి గింజ మంచి గోధుమ రంగు దాటి ముదురు రంగులోకి వచ్చి ఉంటుంది, పైన నూనె ఉండదు. ఇంకా ఉంచితే 225 డిగ్రీల ప్రాంతంలో రెండో చప్పుడు వస్తుంది. అది సన్నగా, త్వరత్వరగా, చిటచిటమని ఉంటుంది. గింజ మీద నూనె మెరుస్తుంది, పొగ నీలంగా, ఘాటుగా మారుతుంది. ముదురు రుచి ఇష్టపడేవాళ్లు రెండో చప్పుడు నాలుగైదు వినపడగానే దించవచ్చు. అంతకు మించితే తాగేది మసి రుచి.

దించడమంటే మంట ఆపడం ఒక్కటే కాదు. గింజ తన వేడికి తానే ఇంకా వేగుతుంటుంది. వెంటనే చిల్లుల పళ్లెంలోకో పెద్ద జల్లెడలోకో గుమ్మరించి, టేబుల్ ఫ్యాను ముందు పెట్టి కదుపుతూ, మూడు నాలుగు నిమిషాల్లో చేతికి చల్లగా తగిలేలా చెయ్యాలి. నీళ్లు చల్లకండి. ఆ తర్వాత చేటతో చెరిగితే పొట్టంతా పోతుంది.

పొగ బాగా వస్తుంది. వీలుంటే చిన్న గ్యాసు పొయ్యి డాబా మీద పెట్టుకుని పొద్దున్నే గాలి లేనప్పుడు చేయండి. వంటింట్లో అయితే కిటికీలన్నీ తీయండి, పసిపిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఎండిన పొట్టుకు నిప్పంటుకుంటుంది కాబట్టి బాణలికి సరిపడే మూత పక్కనే ఉంచుకోండి. ఒకవేళ అంటుకుంటే గ్యాసు ఆపి మూత వేసేయాలి, నీళ్లు పోయకూడదు.

ఆ రోజే పొడి కొట్టి డికాషన్ వేస్తే సరిగా దిగదు. వేయించిన గింజ నుంచి కార్బన్ డయాక్సైడ్ వస్తూ ఉంటుంది, ఫిల్టర్లో పొడి పొంగి పైకి తేలుతుంది. ఒక రోజు వదులుగా మూత పెట్టి ఉంచి, తర్వాత గట్టి మూత డబ్బాలోకి మార్చండి. రెండో రోజు నుంచి రుచి నిలబడుతుంది. మూడు వారాల్లో అయిపోయేలా వేయించుకోండి.

*

నమస్కారమమ్మా. ఇక్కడ కాఫీ పొడి కొట్టులో పచ్చి గింజ అడిగితే అమ్మం అన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే ప్లాంటేషన్ ఏ, పీబీ, చెర్రీ, పార్చ్‌మెంట్ అని ఏవేవో ఉన్నాయి. బరువు తగ్గడానికి తాగే గ్రీన్ కాఫీ అని ఇంకొకటి. ఏది కొనాలి, ఎక్కడ కొనాలి?
– ఒక రైల్వే ఉద్యోగి, ఒంగోలు

బాబూ, నన్నడిగితే వేయించడం రెండో సంగతి. కాఫీ మంచిదా కాదా అన్నది పచ్చి గింజ దగ్గరే సగానికి పైగా తేలిపోతుంది. అందుకే మీ ప్రశ్నకు కాస్త పొడుగ్గా జవాబు రాస్తాను.

ముందు ఆ పేర్లు. మన దేశంలో కాఫీ రెండు రకాలు, అరబికా, రోబస్టా. పండును కోసి, తోలు తీసి, పులియబెట్టి కడిగి ఎండబెడితే ఒక తరహా. పండును అలాగే తోలుతో ఎండబెట్టి తర్వాత దంచితే ఇంకో తరహా. కడిగిన అరబికాను ప్లాంటేషన్ అంటారు. కడిగిన రోబస్టాను రోబస్టా పార్చ్‌మెంట్ అంటారు. కడగకుండా పండుతోనే ఎండబెట్టినదాన్ని చెర్రీ అంటారు, అరబికా చెర్రీ, రోబస్టా చెర్రీ అని రెండూ ఉన్నాయి. వాటి వెనక వచ్చే ఏఏ, ఏ, బీ, సీ అన్నవి జల్లెడ సైజులు మాత్రమే. గింజ పెద్దదైతే రుచి ఎక్కువని కాదు. సైజంతా ఒకేలా ఉంటే ఒకేలా వేగుతుంది, అంతవరకే దాని ఉపయోగం. పీబీ అంటే పీబెర్రీ. పండులో రెండు బద్దలుండాల్సిన చోట ఒక్కటే గుండ్రంగా పెరిగిన గింజ. బాణలిలో చక్కగా దొర్లుతుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను మొదట పీబెర్రీయే కొనమంటాను.

గ్రీన్ కాఫీ అని పొట్లాల్లో వచ్చేది కూడా ఈ పచ్చి గింజే. కానీ చాలాసార్లు దంచి ముక్కలుగా అమ్ముతారు. అది వేయించడానికి పనికిరాదు. ధర కూడా ఎక్కువ.

ఎక్కడ కొనాలన్న విషయానికి వస్తే, దూరం వెళ్లే ముందు ఒంగోల్లోనే ఇంకో కొట్టు చూడండి. బయటి నుంచి పొడి తెచ్చి అమ్మే కొట్లు ఉంటాయి, సొంతంగా వేయించి మర ఆడించే కొట్లు ఉంటాయి. రెండో రకం కొట్టుకు వెళ్లి, నెలా రెండు నెలలు పొడి కొని ముఖ పరిచయం అయ్యాక, ఈసారి వేయించేటప్పుడు ఒక కిలో పచ్చిది పక్కన పెట్టండి అని అడగండి. మా కొట్టులో అలా అడిగినవాళ్లను ఎప్పుడూ వట్టి చేతులతో పంపలేదు. గింజ మీద ఆసక్తి ఉన్న మనిషి వస్తే కొట్టువాళ్లకు సంతోషమే. నెల్లూరు, గూడూరు వైపు వాళ్లు ఆస్పత్రి పని మీదో పెళ్లి బట్టలకో చెన్నై వెళ్తూనే ఉంటారు. అక్కడ గింజలు కళ్లముందే వేయించే పాత కొట్లు పేటపేటకూ ఉన్నాయి, అడిగితే పచ్చివి ఇస్తారు.

తోట దగ్గర నుంచే కావాలనుకుంటే కర్ణాటక ఉంది. దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం అక్కడిదే. చిక్కమగళూరు, కొడగు, హాసన్ వైపు చిన్న రైతులు, చిన్న వ్యాపారులు ఒకటి రెండు కిలోలైనా పార్శిల్ చేస్తున్నారు. ఇక మన రాష్ట్రంలో అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో గిరిజనులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన మిరియాలతో పాటు పండించే అరబికా ఉంది. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ అక్కడి రైతుల దగ్గర గింజ కొంటుంది. ఆ సంస్థ దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది పొడి, పచ్చి గింజ సంగతి అడిగి తెలుసుకోండి. విశాఖపట్నం వైపు చుట్టాలుంటే వాళ్లకు చెప్పి తెప్పించుకోవడం ఇంకా తేలిక. అరకు గింజంటే నాకు చాలా ఇష్టం. నెమ్మదైన తీపి ఉంటుంది, మాడ్చకుండా వేయిస్తే ఎంత బాగుంటుందో. దానికి నాలుగో వంతు కొడగు రోబస్టా పార్చ్‌మెంట్ కలిపితే పాలలో కూడా రుచి నిలుస్తుంది. రెండూ విడివిడిగా వేయించి తర్వాత కలపాలి. రోబస్టా వేగడానికి పట్టే సమయం వేరు, దాని చప్పుడు కూడా తక్కువగా వినిపిస్తుంది.

కొనే ముందు నాలుగు సంగతులు అడగండి. ఏ సంవత్సరం పంట? తేమ ఎంత? పైపొట్టు తీసిందేనా? మొదట అరకిలో పంపుతారా? మూడోది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ డబ్బు పోయేది అక్కడే. పార్చ్‌మెంట్ అన్న పేరుతో గట్టి పొట్టు తీయని గింజ కూడా అమ్మకానికి వస్తుంది. అది మరలో ఆడిస్తే కిలోకు 800 గ్రాములే మిగులుతుంది, ఇంట్లో ఆడించుకునే వీలూ ఉండదు. ఎండిన పండు కొంటే బరువులో సగం దాకా తోలే. పంట సంవత్సరం ఎందుకంటే, అరబికా కోత నవంబర్ నుంచి జనవరి వరకు, రోబస్టా కోత ఆ వెనక మార్చి దాకా నడుస్తుంది. ఎండి, పొట్టు తీసి, జల్లెడ పట్టి కొత్త గింజ మన చేతికి వచ్చేసరికి మార్చి, ఏప్రిల్. ఆ నెలల్లో కొత్త పంటే అడిగి తీసుకోండి.

గింజ వచ్చాక గుప్పెట్లో పోసుకుని వాసన చూడండి. గోనె కంపు, బూజు, కిరసనాయిలు వాసన ఉండకూడదు. కడిగిన అరబికా నీలం కలిసిన ఆకుపచ్చగా, చెర్రీ పసుపు గోధుమగా ఉంటుంది. తెల్లగా పాలిపోయిన మచ్చలుంటే తేమ తిరిగి పట్టిందని అర్థం. సన్నటి సూది బెజ్జాలుంటే పురుగు తొలిచింది. పంటితో కొరికితే గట్టిగా ఉండాలి, గంటు పడి మెత్తగా దిగితే సరిగా ఎండలేదు.

లెక్క కూడా చూసుకోండి. కిలో పచ్చి గింజ వేయిస్తే 820 నుంచి 850 గ్రాములే వస్తుంది, మరీ నల్లగా వేయిస్తే ఇంకా తక్కువ. పార్శిల్ ఖర్చు, గ్యాసు కలిపితే కొట్టులో కొన్న పొడికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. పొదుపు కోసమైతే ఈ శ్రమ వద్దు. తాజా రుచి కోసం, ఏం తాగుతున్నామో తెలియడం కోసం చేయండి.

*

అక్కయ్యా, నేను వేయిస్తే గింజ పైకి నల్లగా అవుతోంది, విరిచి చూస్తే లోపల లేత రంగు. కాఫీ ఒకేసారి చేదుగా, పచ్చిగా ఉంటోంది. ఇంట్లో నుంచి ఉద్యోగం చేస్తాను కాబట్టి సమయానికి లోటు లేదు. ఎక్కడ తప్పు?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సింగరాయకొండ

మంట ఎక్కువైంది నాయనా. ఐదారు నిమిషాల్లోనే చప్పుడు వచ్చేస్తోందా? అయితే పైభాగం కాలిపోయే లోపల గుండెకు వేడి చేరడం లేదు. మంట తగ్గించి మొదటి చప్పుడు ఎనిమిదో నిమిషం తర్వాతే వచ్చేలా చూడండి. గింజ మరీ ఎక్కువ వేస్తున్నారేమో కూడా చూసుకోండి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. మరీ సన్న సెగ మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పెడితే గింజ వేగదు, ఎండిపోతుంది. రంగు వస్తుంది కానీ వాసన, రుచి రెండూ చప్పగా ఉంటాయి. మొత్తం పని పన్నెండు, పద్నాలుగు నిమిషాల్లో ముగిసిపోవాలి. ప్రతిసారీ గింజ బరువు, మొదటి చప్పుడు వచ్చిన నిమిషం, దించిన నిమిషం ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఏది మార్చితే ఏమైందో అప్పుడు తెలుస్తుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నల్లగా ఉంటేనే స్ట్రాంగ్ అన్న నమ్మకం మన వైపు గట్టిగా పాతుకుపోయింది. కొట్టుకు వచ్చి బాగా నల్లగా ఉన్నది ఇవ్వండి అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చిక్కదనం పొడి ఎంత వేశారన్న దాని మీద, ఎలా దిగిందన్న దాని మీద వస్తుంది. పాతబడిన గింజ, తేమ పట్టిన గింజ, పురుగు తిన్న గింజ, అన్నీ నల్లగా మాడ్చేస్తే ఒకే రుచికి వస్తాయి. వ్యాపారంలో ఈ పని చేసేవాళ్లు ఉన్నారు, నా కళ్లతో చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. కొండ మీద ఎవరో ఒక్కొక్క పండూ ఎర్రగా పండాక ఏరి కోసిన గింజ అది. మంచి గింజ కొనుక్కున్నవాళ్లకు దాన్ని మాడ్చాల్సిన అవసరమే లేదు.

*

అమ్మా, ఏప్రిల్‌లో ఐదు కిలోల గింజ తెప్పించాను. మొదట్లో బ్రహ్మాండంగా ఉంది. నవంబర్ వానల తర్వాత డబ్బా తెరిస్తే ఏదో ముక్క వాసన. ఎండలో పెట్టి వాడుకోవచ్చా?
– ఒక రిటైర్డ్ టీచరు, గూడూరు

ముందు గింజలు తెల్ల కాగితం మీద పోసి చూడండి మాస్టారూ. బూడిద రంగు, పచ్చ రంగు బూజు కనిపిస్తే పారేయండి, ఎన్ని కిలోలున్నా సరే. కొన్ని రకాల బూజు గింజలో విషం వదులుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు. బూజు లేకుండా వట్టి ముక్క వాసన మాత్రమే ఉంటే రెండు మూడు గంటలు నీడలో, గాలి ఆడేచోట పల్చగా ఆరబెట్టి ఒక గుప్పెడు వేయించి చూడండి. కప్పులో కూడా ఆ వాసన వస్తే ఇక దాని మీద ఆశ పెట్టుకోకండి. మండుటెండలో పోస్తే గింజ పాలిపోతుంది తప్ప వాసన పోదు.

పచ్చి గింజ ఏడాది ఉంటుంది అని అందరూ చెబుతారు. ఆ మాట కొండ ప్రాంతాలకు, పొడి గాలి ఉన్నచోటికి సరిపోతుంది. గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు అన్నీ సముద్రం పక్కనే. మనకు వానంతా అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, అల్పపీడనాలతో, తుపాన్లతో కలిసి వస్తుంది. అప్పటికి ఏప్రిల్ గింజకు ఏడెనిమిది నెలల వయసు. మే నెలలో రోహిణి ఎండలకు ఒకసారి ఎండిపోయి, నవంబర్‌లో మళ్లీ తేమ తాగి, గింజ అలసిపోతుంది. మన ఊళ్లలో ఒకేసారి మూడు నెలలకు మించి కొనకూడదని నా అభిప్రాయం. వానాకాలానికైతే ఒక్క నెలకే కొనండి.

ఉన్నదాన్ని కాపాడుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. గింజ వచ్చిన రోజే వంటింటి కాటాలో సరిగ్గా 500 గ్రాములు తూచి చిన్న గుడ్డసంచిలో కట్టి, మిగతా గింజ ఉన్న చోటే పెట్టండి. నెలకోసారి ఆ సంచిలోని గింజ తూచండి. 510 చూపిస్తే బరువులో రెండు శాతం తేమ తాగిందన్నమాట. అప్పుడు ఆలస్యం చేయకుండా వేయించేయండి. 490కి తగ్గితే ఎండిపోతోంది, వేయించేటప్పుడు మంట కాస్త తక్కువ పెట్టుకోవాలి.

మందపాటి ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి కట్టి, దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను గోడకు ఆనకుండా చెక్క పలక మీద ఉంచండి. ఇంగువ, ఎండుమిర్చి, కలరా ఉండలు ఉన్న అలమరలో వద్దు, గింజ ఏ వాసనైనా పీల్చుకుంటుంది. రేకుల షెడ్డులో వద్దు. ఫ్రిజ్ కూడా వద్దు. బయటికి తీసిన ప్రతిసారీ చల్లటి గింజ మీద నీటి చెమ్మ పడుతుంది. పార్శిల్ వానాకాలంలో వస్తే ఆఫీసులో తీసుకునేటప్పుడే సంచి అడుగు తడిమి చూడండి. తడిసి ఉంటే అక్కడే ఫోటో తీసి, అమ్మినవాళ్లకు పంపి, అప్పుడే ఇంటికి తీసుకురండి.

*

పిన్నిగారూ, మా అత్తయ్యకు చికోరీ లేని కాఫీ కాఫీ కాదు. మా ఆయన చికోరీ కల్తీ అంటారు. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఎవరి మాట నిజం?
– ఒక కోడలు, కందుకూరు

ఇద్దరి మాటలోనూ కొంత ఉందమ్మా. చికోరీ ఒక మొక్క వేరు. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. ముక్కలు కోసి ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు. డికాషన్‌కు నలుపు, చిక్కదనం, కొంచెం తీపి చేదు ఇస్తుంది. దక్షిణాదిలో తరాల నుంచి అలవాటైన రుచి కాబట్టి మీ అత్తయ్యను తప్పు పట్టలేను. చెప్పి కలిపితే అది కల్తీ కాదు. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, పొట్లం మీద ఏది ఎంతో రాయాలి. కాఫీ కన్నా చికోరీ చవక కాబట్టి కొందరు చెప్పకుండా ఎక్కువ కలుపుతారు. మీ ఆయన కోపం దాని మీద అయితే అది న్యాయమే.

చికోరీని ఇంట్లో వేయించే ప్రయత్నం చేయకండి, వేయించిన పొడే విడిగా కొనండి. కాఫీ వేయించి, పొడి చేసి, ఒక డబ్బాలో వట్టి కాఫీ, ఇంకో డబ్బాలో నూటికి పదిహేను పాళ్లు చికోరీ కలిపింది పెట్టుకోండి. రెండు ఫిల్టర్లు. మీ అత్తయ్యకు ఆమె కాఫీ, మీ ఆయనకు ఆయన కాఫీ. తాజాగా వేయించిన గింజ అయితే పదిహేను పాళ్లకే ఆమెకు తృప్తి కలుగుతుంది, ముప్పై అక్కర్లేదు.

*

గింజ మంచిది, వేయించడం కుదిరింది. మా తమ్ముడి ఇంట్లో నెల్లూరులో తాగితే అద్భుతం, అదే పొడి మా ఇంట్లో వేస్తే చప్పగా ఉంటోంది. ఎందుకు?
– ఒక రైతు, పొదిలి

మీ దగ్గర బోరు నీళ్లతో వేస్తున్నారా? పొదిలి, కనిగిరి వైపు భూగర్భ జలాల్లో లవణాలు ఎక్కువ. కాఫీలో ఉండే సన్నటి పులుపును ఆ నీళ్లు తినేస్తాయి, అందుకే కప్పు చప్పబడుతుంది. పైగా ఆ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ బెడద ఉన్న సంగతి మీకు తెలిసిందే కదా, తాగడానికి ఎలాగూ శుద్ధి చేసిన నీళ్లే వాడాలి. డికాషన్‌కూ ఆ క్యాను నీళ్లే పోయండి. మరీ శుద్ధి అయిపోయి ఏ రుచీ లేని నీళ్లైతే పొడి ఒక చెంచా ఎక్కువ వేయండి. నీళ్లు తెర్లిన తర్వాత అరనిమిషం ఆగి పోయండి.

*

మావారికి 68 ఏళ్లు, రాత్రి నిద్ర పట్టడం లేదు. గింజ నల్లగా వేయిస్తే కెఫీన్ పోతుందని ఎవరో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మూలాపేట, నెల్లూరు

పోదమ్మా. ఎంత నల్లగా వేయించినా కెఫీన్ దాదాపు అలాగే ఉంటుంది. గింజ రకం మార్చండి. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో దానికి ఇంచుమించు రెట్టింపు. వట్టి అరబికా వాడండి, సాయంత్రం కాఫీ మూడు గంటలకల్లా ముగించమనండి. నిద్ర సంగతి డాక్టరుకు కూడా చెప్పండి.

*

పచ్చి గింజ నాటితే మన ఉదయగిరి కొండల్లో కాఫీ మొలుస్తుందా?
– ఒక ఇంటర్ విద్యార్థి, ఆత్మకూరు

మనం కొనే గింజ ఎండబెట్టి, పొట్టు తీసి, నెలలు గడిచింది. మొలకెత్తే శక్తి దాదాపు ఉండదు. విత్తనానికి తాజా పండులోని గింజ కావాలి. ఇక అరకులో కాఫీ పండేది సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, చెట్ల నీడలో, చల్లటి గాలిలో. మన కొండల్లో అంత తడి లేదు. కుండీలో అందం కోసం నీడలో పెంచుకో నాయనా, మల్లెపూవులాంటి తెల్లటి పూలు పూస్తే అదృష్టం. కాపు మీద మాత్రం ఆశ పెట్టుకోకు.

*

వేయించిన గింజ మిక్సీలో వేయాలా, పిండి మరకు తీసుకెళ్లాలా?
– ఒక గృహిణి, దర్శి

పిండి మరకు వద్దే వద్దు. పొద్దున మిరపకాయలు, మధ్యాహ్నం పసుపు పట్టిన మరలో మీ గింజ వేస్తే ఇంత శ్రమా వృథా. మిక్సీ చిన్న జారులో ఐదారు సెకన్లు తిప్పి ఆపి, కుదిపి, మళ్లీ తిప్పండి. ఒకేసారి నిమిషం తిప్పితే పొడి వేడెక్కి వాసన పోతుంది. ఫిల్టరుకు బొంబాయి రవ్వ కన్నా కాస్త సన్నగా ఉంటే చాలు. పాత ఇళ్లలో బల్లకు బిగించే చేతి మర అటక మీద ఉంటుంది, ఉంటే దింపి శుభ్రం చేసుకోండి. దానంత సమానంగా మిక్సీ చేయదు. వారానికి సరిపడా మాత్రమే పొడి కొట్టండి, మిగతాది గింజగానే ఉంచండి.

*

అక్కా, మా వీధిలో వాళ్లంతా నేను వేయించిన కాఫీ అడుగుతున్నారు. ఇంటి నుంచే అమ్మాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?
– ఒక చెల్లెలు, సూళ్లూరుపేట

చాలా సంతోషం. అమ్మకానికి దిగేముందు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చిన్న వ్యాపారమైనా తప్పదు, ఆన్‌లైన్‌లో ఎలా చేయాలో కనుక్కోండి. బాణలిలో అమ్మకానికి సరిపడా వేయించాలంటే భుజాలు పడిపోతాయి. ముందు చేత్తో తిప్పే చిన్న డ్రమ్ము ఒకటి సంపాదించుకోండి, మెషిన్ సంగతి తర్వాత. పొగ పక్కింటివాళ్ల బట్టల మీదకు పోకుండా పొద్దున్నే వేయించండి.

పొట్లం మీద గింజ ఎక్కడిది, అరబికా ఎంత, రోబస్టా ఎంత, చికోరీ ఉందా లేదా, ఏ తేదీన వేయించారు, ఇవన్నీ రాయండి. తేదీ రాస్తే పాతది మిగిలిపోతుందని కొందరు భయపెడతారు. వినకండి. ఆర్డరు తీసుకుని వారానికి ఒకరోజు వేయించి, మర్నాడు అందించండి, ఏమీ మిగలదు. గింజ గురించి ఇంకేదైనా సందేహం వస్తే నెల్లూరు వచ్చినప్పుడు ఒక గుప్పెడు పట్టుకుని కొట్టుకు రండి, చూసి చెబుతాను.